మొదటి ఎండాకాలం చేపలు లేకుండానే గడవాలి

ప్రశ్న: మాది హన్మకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నాలుగేళ్లుగా ఇంట్లో అడుగున్నర పొడవున్న అద్దాల తొట్టిలో గప్పీలు, మాలీలు పెంచుతున్నాము. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి ఇప్పుడు సముద్రపు చేపల మీద, ముఖ్యంగా నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలుండే క్లౌన్ ఫిష్ మీద మనసు పడింది. ఏప్రిల్ చివరలో వాడి పుట్టినరోజు. ఉన్న తొట్టినే కడిగి, బోరు నీళ్లలో దొడ్డుప్పు కలిపి మొదలుపెట్టవచ్చా? ఏ చేపలు తేవాలి? పగడాలు కూడా పెట్టాలని వాడు పట్టుబడుతున్నాడు, పెట్టవచ్చా? అన్నింటికన్నా ముఖ్యంగా, మన ఎండలకు అవి బతుకుతాయా?

సమాధానం: మీ ప్రశ్నల్లో చివరిదానికే ముందు జవాబు చెప్పాలి, మిగిలినవన్నీ దాని చుట్టూ తిరిగేవే. మన ఎండలకు సముద్రపు చేపలు బతుకుతాయి, అయితే ఎండాకాలం ముంగిట్లో పెట్టిన కొత్త తొట్టిలో మాత్రం బతకడం చాలా కష్టం. కాబట్టి తొట్టిని ఇప్పుడే పెట్టండి, ఉప్పునీళ్లు, రాళ్లు, ఇసుక అన్నీ సమకూర్చండి, అబ్బాయి పుట్టినరోజుకు అది నడుస్తూ ఉండేలా చూడండి. కానీ మృగశిర కార్తె దాటి, రెండు మంచి వానలు పడి, ఇల్లు చల్లబడేదాకా అందులో ఒక్క చేపను కూడా వేయకండి. చేపలు లేని పుట్టినరోజు కానుకను పిల్లవాడు ఎలా తీసుకుంటాడోనని మీకు దిగులు కలగవచ్చు. ఆ తొట్టి కళ్లముందే ఎలా మారుతుందో, రోజూ దాన్ని కొలిచి రాసుకోవడం ఎంత ఆసక్తిగా ఉంటుందో తెలిస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడు తప్పక ఒప్పుకుంటాడని నా నమ్మకం.

ఈ నిరీక్షణ ఎందుకో వివరంగా చెబుతాను. చేప తన మొప్పల గుండా నిరంతరం అమోనియాను వదులుతుంది. సముద్రంలో అది లెక్కలోకి రాదు, మన తొట్టిలో మాత్రం అదే విషమవుతుంది. రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడే ఒక రకం బ్యాక్టీరియా ఆ అమోనియాను నైట్రైటుగా, మరొక రకం ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండు రకాలూ తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటి చేపల విషయంలోనూ ఇదే జరుగుతుంది గానీ, అక్కడ మీ గప్పీలు చాలా తప్పులను తట్టుకుని ఉంటాయి. ఉప్పునీటిలో పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి, పీహెచ్ పెరిగే కొద్దీ, నీరు వేడెక్కే కొద్దీ అదే మోతాదు అమోనియాలో విషపూరితమైన భాగం ఎక్కువవుతుంది. అంటే మంచినీటిలో చేపను నీరసపరిచి వదిలేసే మోతాదే ఇక్కడ, అందులోనూ మే నెలలో, ప్రాణం తీయగలదు. మీ పాత తొట్టి ఫిల్టరులోని స్పాంజిని తెచ్చి ఇందులో పెడితే పని తొందరగా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మంచినీటికి అలవాటుపడిన బ్యాక్టీరియా ఒక్కసారిగా ఉప్పునీటిలో పడితే దాదాపుగా పనికిరాకుండా పోతుంది.

ఆ బ్యాక్టీరియాను పెంచడానికి చేపను బలి పెట్టవలసిన అవసరం లేదు. చేపల బజారులో దొరికే పచ్చి రొయ్య ఒకదాన్ని పలుచని గుడ్డలో కట్టి తొట్టిలో వేలాడదీయండి. అది కుళ్లుతున్న కొద్దీ అమోనియా పెరుగుతుంది, వారం పది రోజుల తరువాత నైట్రైటు కనిపిస్తుంది, ఆ తరువాత రెండూ క్రమంగా పడిపోయి నైట్రేటు మిగులుతుంది. చుక్కలు వేసి రంగు చూసే పరీక్ష కిట్లు ఈ మూడింటికీ కొనండి, కాగితపు పట్టీల కన్నా అవి నమ్మదగినవి. రెండు రోజులకొకసారి మీ అబ్బాయి చేత ఆ అంకెలు పుస్తకంలో రాయించి, గ్రాఫు గీయించండి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి వారం పాటు అక్కడే నిలిస్తే తొట్టి సిద్ధమైనట్లు. ఈలోగా అద్దాల మీద, ఇసుక మీద గోధుమరంగు పొర పరుచుకుంటుంది, కొన్నాళ్లకు అది పోయి పచ్చని నాచు వస్తుంది. అది చూసి ఏదో పాడైందనుకుని అంతా పారబోసి కడగకండి, కొత్త తొట్టి వరస అదే.

ఇప్పుడు ఎండ సంగతి. క్లౌన్ ఫిష్ లాంటి చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది. 30 దాటి రోజుల తరబడి నిలిస్తే అవి క్షీణిస్తాయి. మన దగ్గర మే నెలలో పగటి ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే, డాబా ఇంటి పై అంతస్తులో అర్ధరాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. పైగా వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, ఉప్పునీటిలో మంచినీటి కన్నా దాదాపు అయిదో వంతు తక్కువగా కరుగుతుంది, రెండూ కలిస్తే చేపకు ఊపిరాడదు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఉంది గానీ, అది తొట్టికీ మిగతా సామగ్రికీ కలిపిన ఖర్చును మించిపోవచ్చు, పైగా తీసుకున్న వేడినంతా అదే గదిలోకి వదులుతుంది. మొదటి చిన్న తొట్టికి నేను దాన్ని సిఫారసు చేయను.

మన పొడి ఎండకు చవకైన ఉపాయం ఒకటి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీరు పిల్లలకు పాఠంగా చెప్పే ఉంటారు. తొట్టి మూతను తీసి, తొట్టిపై జాలి పరిచి, చిన్న ఫ్యాన్ గాలి నీటి ఉపరితలం మీదుగా వెళ్లేలా అమర్చండి. ఒక లీటరు నీరు ఆవిరైతే అది 70 లీటర్ల నీటిని సుమారు 8 డిగ్రీలు చల్లబరచగలిగినంత వేడిని తనతో తీసుకుపోతుంది. గది నుంచి వేడి మళ్లీ చేరుతూనే ఉంటుంది కాబట్టి చివరికి మిగిలేది రెండు నుంచి నాలుగు డిగ్రీల తగ్గుదల, తరచుగా అదే ప్రాణాన్ని కాపాడుతుంది. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో ఈ ఉపాయం బలహీనపడుతుంది. ఎయిర్ కూలరు నడిచే గదిలోనూ అంతే, అయితే కూలరు గదినే చల్లబరుస్తుంది కాబట్టి కొంత సర్దుకుంటుంది. తొట్టిని ఇంట్లో అన్నింటికన్నా చల్లని గదిలో, పడమటి గోడకూ కిటికీకీ దూరంగా, వీలైతే కింది అంతస్తులోనే పెట్టండి. చేపలు లేని ఈ ఎండాకాలంలో తెల్లవారుజామున అయిదింటికి, మధ్యాహ్నం మూడింటికి నీటి వేడిని రోజూ రాసుకోండి. మీ ఇంట్లో, మీ గదిలో నీరు ఎంత దాకా వేడెక్కుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ నెల రోజుల లెక్కే చెబుతుంది. ఫ్యాన్ పెట్టినా నీరు 30కి దిగకపోతే ఆ సంగతి ఒక్క ప్రాణీ పోకుండానే మీకు తెలిసినట్లవుతుంది, అప్పుడు గది మార్చవచ్చు.

ఫ్యాన్ వాడితే ఆవిరయ్యే నీటిని గురించి ఒక విషయం తప్పనిసరిగా గుర్తుంచుకోవాలి. దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. కాజీపేటలోని మా ఇంట్లో నేను పెట్టిన మొదటి ఉప్పునీటి తొట్టిని ఫిబ్రవరిలో మొదలుపెట్టి, మార్చిలోనే రెండు క్లౌన్ చేపలను వేశాను. మేలో ఒక పెళ్లికి పోతూ, నీళ్లు తగ్గితే పక్కనున్న డబ్బాలోవి పోయమని ఇంట్లో వాళ్లకు చెప్పాను. ఆ డబ్బాలో ఉన్నవి నేను కలిపి ఉంచిన ఉప్పునీళ్లు. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు ఆవిరి కాదు, అది తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన చోట మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. లెక్క వేసి చూడండి. 70 లీటర్ల తొట్టిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 2,450 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎండాకాలంలో రోజుకు రెండు లీటర్ల చొప్పున నాలుగు రోజులు నీరు తగ్గితే మిగిలిన 62 లీటర్లలో అది లీటరుకు 39 గ్రాములు దాటుతుంది. అక్కడ మంచినీళ్లు పోస్తే మళ్లీ 35కు వస్తుంది. ఉప్పునీళ్లు పోస్తే 39 దగ్గరే నిలిచిపోయి, వచ్చే నాలుగు రోజుల్లో ఇంకా పైకి పోతుంది. నేను తిరిగి వచ్చేసరికి రెండు చేపలూ లేవు. వాటి చావుకు కారణం నా అజ్ఞానమే, పదకొండేళ్లయినా ఆ బాధ పోలేదు. అద్దం మీద నీటి మట్టానికి ఒక గీత గీయండి, రోజూ ఉదయం ఆ గీత దాకా ఉప్పులేని శుద్ధమైన నీటిని మాత్రమే పోయండి.

ఆ శుద్ధమైన నీరు ఏది అన్నది మీ మరొక ప్రశ్న. బోరు నీళ్లు వద్దు. మన ప్రాంతపు బోరు నీళ్లలో గట్టితనం ఎక్కువ, చాలా చోట్ల నైట్రేటు కూడా ఉంటుంది, మొదటి రోజు నుంచే నాచుకు ఆహారం పెట్టినట్లవుతుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మీకు కావలసినవి ఆర్వో నీళ్లు, అవి కూడా జాగ్రత్తగా ఎంచుకున్నవి. ఇళ్లలో వాడే ఆర్వో యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం కొంత ముడి నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, వాటర్ ప్లాంటు క్యాన్లలోనూ అలా కలపడం ఉంది. అందువల్ల నీటిలో కరిగిన లవణాలను కొలిచే ఒక చిన్న టీడీఎస్ మీటరు కొని చూడండి. పది లోపు చూపిస్తే చాలా మంచిది, వంద చూపించే నీటిని పక్కన పెట్టండి. మీ ఇంటి యంత్రాన్ని బిగించిన మనిషిని అడిగితే మెంబ్రేన్ దాటగానే, ఏమీ కలవకముందే నీళ్లు పట్టుకునేలా ఒక గొట్టం వేసి ఇస్తాడు.

ఇక దొడ్డుప్పు. సముద్రం నుంచి వచ్చిందే కదా, మళ్లీ నీటిలో కలిపితే సముద్రం కాదా అనే ఆలోచన చాలా సహజం, నాకూ ఒకప్పుడు వచ్చింది. కానీ ఉప్పు మడిలో నీరు ఇగిరేటప్పుడు సున్నపు లవణాలు, జిప్సం ముందే అడుగున పేరుకుపోతాయి, తరువాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఆ చివరి చేదు నీటిలోనే ఉండిపోతాయి, దాన్ని బయటికి వదిలేస్తారు. అంటే మన చేతికి వచ్చేది సముద్రంలో ఒక ముక్క మాత్రమే. చేపలకు, నత్తలకు, రాళ్లలోని జీవులకు ఆ మిగతావీ కావాలి. అందుకే అక్వేరియం కోసం తయారు చేసిన సముద్రపు ఉప్పు మిశ్రమాన్నే కొనాలి, లీటరుకు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. ఆహారానికి వాడే ప్లాస్టిక్ బకెట్టులో ఆర్వో నీళ్లు పోసి, ఉప్పు వేసి, చిన్న మోటారు పెట్టి ఒక రోజంతా తిరగనివ్వండి. రాగి, ఇత్తడి బిందెలను దగ్గరికి రానివ్వకండి, నీటిలో చేరే అతి కొద్ది రాగి కూడా రొయ్యలను, నత్తలను చంపుతుంది. లవణీయతను కొలవడానికి తేలే గాజు సాధనం కన్నా రిఫ్రాక్టోమీటర్ మేలు, అది 35 చూపించాలి, సాపేక్ష సాంద్రతలో చెప్పాలంటే 1.025 నుంచి 1.026 దాకా. నా మాట వింటే పుట్టినరోజుకు అబ్బాయికి ఇవ్వవలసిన కానుక ఆ పరికరమే. ఒక చుక్క నీరు వేసి, వెలుతురు వైపు తిప్పి కంటికి పెట్టుకుంటే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. దాన్ని చూసిన పిల్లలు ఇంట్లోని ప్రతి నీటినీ కొలవకుండా ఊరుకోరు.

మీ పాత తొట్టిలో నీళ్లు నలభై లీటర్లకు మించవు. అంత తక్కువ నీటిలో వేడి, ఉప్పు రెండూ గంటల్లో మారిపోతాయి. రెండడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న తొట్టిని చేయించండి. అందులో 88 లీటర్లు పడతాయి, రాళ్లూ ఇసుకా పోగా నికరంగా 70 లీటర్ల నీళ్లు మిగులుతాయి. అన్నీ కలిపి వంద కిలోలు దాటుతుంది కాబట్టి చెక్క బల్ల మీద కాకుండా బరువు మోసే ఇనుప స్టాండు మీద పెట్టాలి. పాత తొట్టిని పారేయకండి, దానికి ముఖ్యమైన పని ఒకటి ఉంది.

రాళ్ల విషయంలో మన చుట్టూ ఉన్న గ్రానైటు ఎంత అందంగా కనిపించినా పనికి రాదు, అది గట్టిపడిన రాయి, బ్యాక్టీరియా దాక్కునే సందు అందులో లేదు. రామప్ప గుడి శిఖరానికి వాడిన, నీటిపై తేలే ఇటుకల్లాగా లోపలంతా సన్నని రంధ్రాలున్న రాయి కావాలి. అక్వేరియం కోసం కృత్రిమంగా చేసిన పొడి రాయి, సిరామిక్ రాయి దొరుకుతాయి, ఏడెనిమిది కిలోలు చాలు. మానేరు ఇసుక బదులు సున్నపు స్వభావమున్న అరగొనైటు ఇసుక వేస్తే పీహెచ్ నిలబడటానికి కొంత సాయపడుతుంది. నీటిని కదిలించడానికి రెండు చిన్న మోటార్లు, చలికాలపు రాత్రుల కోసం వంద వాట్ల హీటరు, ఒక మామూలు ఎల్ఈడీ దీపం ఉంటే సరిపోతుంది. వారానికోసారి పది లీటర్లు మారుస్తూ ఉంటే నీటిలోని వ్యర్థాలను నురగగా తీసేసే స్కిమ్మర్ లేకుండా ఇంత చిన్న తొట్టిని నడపవచ్చు. కరెంటు పోయినప్పుడు మాత్రం నీరు కదలడం ఆగకూడదు, అప్పుడు చేప చనిపోయేది వేడి కన్నా ముందు ఊపిరాడకే. ఇన్వర్టరు ఉంటే ఒక మోటారును దానికి కలపండి, లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపును కొని చేతికందేలా ఉంచండి.

పగడాల కోరికను మీ అబ్బాయి ప్రస్తుతానికి విడిచిపెట్టాలి. కొత్త తొట్టిలో అవి బతకవన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, రాతి పగడాలను, సముద్రపు విసనకర్రలనే విసనకర్ర ఆకారపు పగడాలను, సముద్రపు గుర్రాలను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి 2001లోనే చేర్చారు. మన తీరాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. సముద్రం నుంచి తెచ్చిన ‘లైవ్ రాక్’ అని అమ్మేది చాలావరకు పగడపు అస్థిపంజరమే, దాన్ని కూడా కొనకండి. పగడపు దిబ్బ ఒకటి ఏర్పడటానికి వేల ఏళ్లు పడుతుంది. దాని ముక్క మన ఇంటి తొట్టిలో ఉండకూడదన్న సంగతి ఈ వయసులోనే పిల్లవాడికి తెలియాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

చేపల్లో మీ అబ్బాయి ఎంపిక సరైనదే. క్లౌన్ ఫిష్ మూడు అంగుళాలకు మించి పెద్దగా పెరగదు, ఇంట్లో పదేళ్లకు పైగా బతకగలదు, బందీగా గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే హేచరీల్లో వీటిని పెంచే పద్ధతులను రూపొందించింది. అందుచేత దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అని. హేచరీ చేప పొడి మేతకు అలవాటుపడి ఉంటుంది, రవాణాను తట్టుకుంటుంది, దాని కోసం ఏ దిబ్బా ఖాళీ కాదు. రెండు చిన్న చేపలను ఒకేసారి తెస్తే అవి జంట కడతాయి. వీటిలో అన్నీ మొదట మగవే, పెద్దదిగా పెరిగినది ఆడదిగా మారుతుంది, రెండోది మగదిగానే ఉంటుంది. మీ తరగతిలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రత్యక్ష పాఠం దొరకదు. క్లౌన్ చేప సముద్రంలో ఆశ్రయం పొందే ఎనిమోన్ అనే జీవి లేకపోతే అది ఉండదనుకోవడం పొరపాటు, ఎనిమోన్ లేకుండానే చక్కగా ఉంటుంది. ఈ రెండింటితో పాటు గోబీ అనే ఒక చిన్న చేప, అయిదారు నత్తలు చాలు. నీలి రంగు సర్జన్ చేపను చూసి ముచ్చటపడవద్దు, అది అడుగు దాకా పెరుగుతుంది. మాండరిన్ చేప బతికున్న అతి చిన్న జీవులను తప్ప మరొకటి తినడానికి సాధారణంగా ఇష్టపడదు, కొత్త తొట్టిలో ఆకలితో చనిపోతుంది. తొట్టి ఉన్న గదిలో దోమల మందు కొట్టకండి, అందులోని రసాయనాలు చేపలకూ రొయ్యలకూ తీవ్రమైన విషం.

జూలైలో చేపల కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు, కొనే ముందు వాటికి మేత వేయించి, మీ కళ్లముందే తినేదాన్నే తీసుకోండి. ఆక్సిజన్ నింపిన సంచిని థర్మాకోల్ డబ్బాలో పెట్టించుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా ఉదయపు రైలులోనే కాజీపేటకు వచ్చేయండి. పాత తొట్టి పని ఇక్కడే మొదలవుతుంది. చేపలను నేరుగా పెద్ద తొట్టిలో వేయకుండా, ఇసుకా రాళ్లూ లేని ఆ చిన్న తొట్టిలో ఉప్పునీళ్లు నింపి, దాక్కోవడానికి రెండు పీవీసీ గొట్టం ముక్కలు వేసి, నెల రోజుల పాటు పెద్ద తొట్టిలో నానిన కొత్త స్పాంజి ఫిల్టరును అందులోకి మార్చి, అక్కడ నాలుగు వారాలు ఉంచండి. తెల్ల మచ్చల జబ్బు ఉంటే ఆ గడువులోనే బయటపడుతుంది, రాగి మందు వాడవలసి వస్తే ఆ తొట్టిలోనే వాడాలి, రాళ్లున్న తొట్టిలో వాడితే నత్తలు పోతాయి. ఇల్లు చేరగానే దీపం ఆర్పి, సంచిని నీటిలో తేలనిచ్చి వేడి సమానమయ్యాక, చేపను బకెట్టులోకి మార్చి, సన్నని గొట్టంతో ఆ చిన్న తొట్టి నీటిని చుక్కలు చుక్కలుగా గంట సేపు అందులోకి వదలండి. తరువాత చేపను మాత్రమే జాలితో తీసి చిన్న తొట్టిలో వేసి, బకెట్టు నీళ్లు పారబోయండి. ఆ రోజు మేత వద్దు. మరునాడు ఉదయం రెండు మూడు గింజలు వేసి చూడండి, తినకపోతే కంగారుపడకుండా వాటిని తీసేసి సాయంత్రం మళ్లీ వేయండి.